లైపోసోమల్ యాంఫోటెరిసిన్: మందు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

ప్రశ్న:
2021లో మా బాబాయిగారికి కోవిడ్ తగ్గిన తరువాత బ్లాక్ ఫంగస్ సోకినప్పుడు, మామూలు యాంఫోటెరిసిన్ బి వద్దని, లైపోసోమల్ రకమే తెమ్మని వైద్యులు పట్టుబట్టారు. దానికోసం పడిన తిప్పలు అలా ఉంచుదాం. రెండింటిలోనూ మందు ఒకటే అయినప్పుడు, దానిని నానో కణాలలో ఇమిడ్చినంత మాత్రాన ఏమి మారుతుంది? ఆ కణాలు నిజంగా జబ్బు ఉన్న చోటికే వెళతాయా?

జవాబు (ఫార్మసీ అధ్యాపకుడు):
యాంఫోటెరిసిన్ శిలీంధ్ర (ఫంగస్) కణాల పొరలోని కొవ్వు పదార్థమైన ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని ఆ పొరను ఛిద్రం చేస్తుంది. మన కణాల పొరలలో దానికి దగ్గరి పోలిక గల కొలెస్టరాల్ ఉండడం వల్ల, మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. అందుకే మామూలు రకాన్ని కిలో బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము, మహా అయితే 1.5 మించనివ్వరు. లైపోసోమ్ అనేది 100 నానోమీటర్ల కంటే చిన్నదైన కొవ్వు బుడగ. ఈ మందు బుడగ లోపలి నీటిలో కాక, దాని గోడలోనే ఇమిడి ఉంటుంది. శిలీంధ్రాన్ని చేరేదాకా ఆ పట్టు సులువుగా సడలదు కనుక, మూత్రపిండాలకు తగిలే విడి మందు తగ్గి, బ్లాక్ ఫంగస్‌కు కిలోకు 5 మిల్లీగ్రాములు, కొన్ని సందర్భాలలో అంతకు మించి కూడా ఇవ్వడం సాధ్యమవుతుంది. 60 కిలోల మనిషికి అది రోజుకు 300 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు. వారాల తరబడి అలా వాడవలసిన రోగులు ఒక్కసారిగా పెరిగితే కొరత రాక ఏమవుతుంది!

ఇక, నానో కణాలు జబ్బును వెతుక్కుంటూ వెళతాయన్నది పత్రికలు పెంచిన మాట. వీటిలో అధిక భాగాన్ని కాలేయం, ప్లీహాలలోని రక్షక కణాలు మింగేస్తాయి. కాలా అజార్ అనే జ్వరాన్ని కలిగించే పరాన్నజీవి కాపురముండేది సరిగ్గా ఆ కణాలలోనే కావడం వల్ల, బీహార్‌లో ఆ జ్వరానికి కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఒకే ఒక్క మోతాదుతో చికిత్స చేయగలిగారు.

జవాబు (ఐసీయూ నర్సు):
ఒక్క సంగతి చేర్చదలచాను. వయల్‌లోని పసుపు పొడిలో స్టెరైల్ వాటర్ పోసి, అర నిమిషం గట్టిగా కుదిపి, ఫిల్టర్ గుండా 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోకి ఎక్కిస్తాము. సెలైన్ కలిస్తే మందు విరిగి అడుగున చేరుతుంది కాబట్టి, అంతకు ముందు అదే లైనులో సెలైన్ వెళ్ళి ఉంటే డెక్స్‌ట్రోజ్‌తో కడగనిదే మొదలుపెట్టము. లైపోసోమల్ కదా అని క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం పరీక్షలు మానకూడదు; పొటాషియం దీనితోనూ పడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. లైపోసోమల్ దొరకనప్పుడు మామూలు రకాన్నే అదే మోతాదులో ఇవ్వవచ్చునా?

జవాబు (ఫార్మసీ అధ్యాపకుడు):
ఎంతమాత్రం కూడదు. మామూలు రకాన్ని కిలోకు 5 మిల్లీగ్రాములు ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల చీటీ మీద ‘యాంఫోటెరిసిన్’ అని మాత్రమే ఉంటే, ఏ రకమో వైద్యుడిని అడిగి రాయించుకున్న తరువాతే మందు ఇవ్వాలి.