తాతగారి తోటని కూడా వీలునామాలో రాసేయొచ్చా?
అమలాపురం దగ్గర మాకు రెండెకరాల కొబ్బరితోట. ఒక ఎకరం తాతగారి నుంచి పంపకంలో వచ్చింది, రెండోది నాన్నగారు సొంతంగా కొన్నది. మొన్న దింపు రోజున కాయల లెక్క రాసే పుస్తకంలోంచే కాగితం చింపి, తోటంతా తమ్ముడి పేర వీలునామా రాసేశారు! సంతకం ఉంది, సాక్షులు లేరు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదుగానీ ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలట, అది మళ్లీ రాయిస్తాం.

నా అనుమానమల్లా తాతగారి ఎకరం గురించే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ప్రకారం పిత్రార్జితంలో చెల్లికీ సమాన వాటా కదా, దాన్నీ ఒక్కడికే రాసేయొచ్చా? నాన్నగారి బ్యాంకు డిపాజిట్‌కి అమ్మ నామినీ. నామినీ అయితే డబ్బంతా ఆవిడదేనా? నాన్నగారిని అడిగితే "అప్పుడే పంపించేస్తావా?" అంటారని టెన్షన్. ఈ మాట ఇంట్లో ఎలా ఎత్తారో కూడా చెప్పండి.