తుఫాను కబురు మా సందు చివరిదాకా చేరాలంటే ఎవరిని పట్టుకోవాలి?

వైజాగ్‌లో సముద్రం ఒడ్డు పేట మాది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు కరెంటూ పోయింది, సెల్ సిగ్నలూ పోయింది. ఇప్పుడేమో హెచ్చరికలన్నీ ఫోన్‌కే వస్తున్నాయి. మొన్న వానల్లో మైకు ఆటో మెయిన్ రోడ్డు మీదే తిరిగి వెళ్లిపోయింది, గాలి హోరుకి ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

'మూడో నంబరు హెచ్చరిక' అంటే పడవలవాళ్లకి అర్థమవుద్ది. మా మామ్మకి కావాల్సింది ఎప్పుడు బయల్దేరాలి, ఏ స్కూలుకి, మేకని తోలుకురావచ్చా అన్నదే. (మేకని వదిలి ఆవిడ గడప దాటదు లెండి.) ఆఫీసులో అడిగితే వాట్సాప్ గ్రూపులో చేరమన్నారు. మామ్మది బటన్ ఫోన్!

గుడి మైకులో చెప్పించడం, సందుకో మనిషిని పెట్టడం లాంటివి మీ పేటల్లో ఎవరైనా చేయించారా? అర్జీ కలెక్టరాఫీసులో పెట్టాలా, కార్పొరేషన్‌లోనా? అందులో ఏం రాశారో కూడా చెప్పండి.