పీడనం మాత్రమే ఇచ్చిన ప్రవాహంలో నిష్క్రమణ అంచు దగ్గర వేగం విచ్చుకుంటోంది

ప్రశ్న: నమస్కారం. పొడవు, వెడల్పు, స్నిగ్ధత, సాంద్రత అన్నీ 1గా తీసుకున్న ఒక కాలువలో, ప్రవేశం వద్ద పీడనం 8, నిష్క్రమణ వద్ద 0 అని ఇచ్చి, ద్రవ ప్రవాహాన్ని వర్ణించే నేవియర్-స్టోక్స్ సమీకరణాలను, కాలువను చిన్న ముక్కలుగా విడగొట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో సాధిస్తున్నాను. వేగానికి వర్గ బహుపదులు, పీడనానికి రేఖీయ బహుపదులు వాడాను. నడుమ గరిష్ఠ వేగం రావలసిన 1కి దగ్గరగానే ఉంది కాని, నిష్క్రమణ అంచు చేరేసరికి వేగపు బాణాలు గోడల వైపు విచ్చుకుంటున్నాయి. మెష్ (ఆ ముక్కల వల) ఎంత సన్నం చేసినా అదే తీరు. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

సమాధానం: మెష్ సన్నం చేసినా మార్పు లేదంటే, కోడ్ తనకిచ్చిన సమస్యను సరిగానే సాధిస్తోందన్నమాట, ఇచ్చిన సమస్యే వేరు. స్నిగ్ధత పదాన్ని మీరు వేగపు గ్రేడియంటునూ (చోటును బట్టి వేగం మారే రేట్ల మాత్రికనూ) దాని వ్యత్యయాన్నీ (అడ్డు వరుసలను నిలువు వరుసలుగా మార్చిన రూపాన్నీ) కలిపిన సౌష్ఠవ రూపంలో రాసి ఉంటారని అనుకుంటున్నాను. ఆ రూపంలో విభాగ సమాకలనం చేశాక అంచు మీద మిగిలేది పీడనమూ స్నిగ్ధత భాగమూ కలిసిన పూర్తి ప్రతిబలం కనుక, అందులో పీడనాన్ని మాత్రమే ఉంచి తక్కినది వదిలేస్తే, అంచు వెంబడి కోత ప్రతిబలం (పొరలు ఒకదానిపై ఒకటి జారడం వల్ల కలిగే రాపిడి) సున్నా అని ఆదేశించినట్టే అవుతుంది. మీ పరావలయ ప్రవాహంలో ఆ ప్రతిబలం నడిమధ్యన 0 అయినా గోడల దగ్గర పరిమాణంలో 4 ఉంటుంది. గొట్టం నోటి నుంచి బయటి గాలిలోకి వెలువడే నీటికైతే ఆ సున్నా సబబే. మీది పొడవైన కాలువలోంచి కోసి తీసిన ఒక ముక్క.

అంచు పదంలో వ్యత్యయ భాగాన్ని ఉంచి, వేగపు లంబ అవకలజాన్ని (అంచుకు లంబ దిశలో వేగం మారే రేటును) మాత్రమే సున్నా చేస్తే విచ్చుకోవడం ఆగిపోతుంది. వ్యత్యయ భాగం లేని లాప్లాసియన్ రూపానికి మారినా ఫలితం అదే. గణితవేత్తలు హేవుడ్, రానాహర్, టూరెక్ 1996లో ఈ తరహా నిబంధనలను వివరంగా చర్చించారు. అయితే స్నిగ్ధత చోటును బట్టి మారే ప్రవాహాలకు సౌష్ఠవ రూపమే కావాలి కాబట్టి, లాప్లాసియన్ రూపానికి మారడాన్ని నేను సిఫారసు చేయను. రెండు చివరలా అంచు వెంబడి వేగాన్ని సున్నాగా బిగించడం నాకు నచ్చిన మార్గం: చదునైన అంచు మీద అప్పుడు ద్రవ్యనిత్యత్వం వల్ల లంబ వేగపు లంబ అవకలజం దానంతటదే సున్నా అవుతుంది, అంటే లంబ ప్రతిబలంలో పీడనం ఒక్కటే మిగులుతుంది.

ప్రశ్న: కృతజ్ఞతలండి, అంచు వెంబడి వేగాన్ని బిగించగానే బాణాలు సమాంతరమయ్యాయి. ప్రవేశ పీడనం కాలంతో మారితే, వేగాన్నీ పీడనాన్నీ వేర్వేరు మెట్లలో కనుక్కొనే ప్రొజెక్షన్ పద్ధతిలో ఏం మార్చాలి?

సమాధానం: పీడనపు పెరుగుదలను సాధించే రకమైతే, ఆ పెరుగుదలను కనుక్కొనే ప్వాసాన్ సమీకరణానికి ప్రవేశం వద్ద సున్నా ఇవ్వకండి, కొత్త పీడనంలోంచి పాత పీడనాన్ని తీసివేయగా వచ్చిన తేడాను ఇవ్వండి. తాత్కాలిక వేగాన్ని కనుక్కొనే మెట్టులోని అంచు పదంలో మాత్రం పాత పీడనమే ఉండాలి.