పాత ట్రక్కులో ఆయిల్ నల్లబడింది: మార్చేయాలా, ఇంకా తిప్పొచ్చా?

పాతబండి216:
నా దగ్గర 1951 షెవర్లే ట్రక్కు ఉంది, 216 క్యూబిక్ ఇంచుల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. కొని పదకొండు నెలలైంది. కొనగానే పాత ఆయిల్ దించేసి 15డబ్ల్యూ-40 గ్రేడ్ ఆయిల్ పోశాను. అప్పటినుంచి తిరిగింది మొత్తం కలిపి 600 కిలోమీటర్లు కూడా ఉండదు. ఎక్కువగా షెడ్డులోనే ఉంటుంది, వారానికోసారి ఓ పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తాను, అదీ ఈమధ్య మూడు వారాలుగా కుదరలేదు.

నిన్న డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ కాటుకలా ఉంది. నాకు పని నేర్పిన పెద్దాయన ఓ చుక్క వేళ్ల మధ్య రాసి, వాసన చూసి "జిగురు పోలేదు, ఇంకో రెండు వేల కిలోమీటర్లు తిప్పుకో" అన్నారు. మా తమ్ముడు పక్కనుంచి "ఆ రంగు చూసి కూడా ఇంకా అడుగుతున్నావా" అంటాడు. ఇంకో ఫ్రెండ్ ల్యాబ్‌కి పంపమంటున్నాడు. ముగ్గురూ ముగ్గురే. మీరేమంటారు?

గ్రీజు బాబాయ్:
పెద్దాయన చెప్పిందే కరెక్టు. వేలితో రాస్తే తెలుస్తుంది. ఇసుకలా గరగరలాడితే మార్చాలి, నీళ్లలా పల్చగా జారిపోతే మార్చాలి, పెట్రోల్ కంపు కొడితే మార్చాలి, ఈ మూడూ లేకపోతే నల్లగా ఉన్నా భయం లేదు. నలభై ఏళ్లుగా ఇలాగే చూస్తున్నా, నా చేతిలో ఒక్క ఇంజనూ పట్టేయలేదు. ల్యాబులూ రిపోర్టులూ అన్నీ నిన్నమొన్న వచ్చినవి.

డేటా ముఖ్యం:
బాబాయ్, మీ అనుభవం మీద గౌరవం ఉంది గానీ వేలి పరీక్షతో ఒప్పుకోలేను. బేరింగులో ఆయిల్ పొర మందం కొన్ని మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన వేలికి గరుకు తెలియాలంటే రేణువు దానికి ఎన్నో రెట్లు పెద్దదై ఉండాలి. అంటే వేలికి ఇసుక తగిలేసరికి బేరింగ్ పని అయిపోయి ఉంటుంది. ఇక జిగురు సంగతి: చల్లటి షెడ్డులో రాస్తే ఏ ఆయిలైనా జిగురుగానే ఉంటుంది. గ్రేడ్ లెక్క చూసేది 100 డిగ్రీల దగ్గర. మీ 15డబ్ల్యూ-40లోని 40 అంటే ఎస్‌ఏఈ 40 గ్రేడ్, ఆ వేడిలో జిగురు 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (జిగురు కొలత) మధ్య ఉండాలి. అది 11కి పడిపోయినా చల్లగా ఉన్నప్పుడు మీ వేలికి తేడా తెలియదు. పెట్రోల్ కలిసి పల్చబడే బళ్లలో జరిగేది ఇదే.

పైగా వాడేసిన ఆయిల్ రోజూ చేతికి రాసుకోవడం చర్మానికి మంచిది కాదు, గ్లోవ్స్ వేసుకోండి.

సగం మెకానిక్:
రంగు గురించి మాత్రం మా ఇంట్లో కూడా ఇదే గొడవ 😄 నల్లబడిందంటే చెడిపోయిందని కాదు కదా? డిటర్జెంట్ ఆయిల్ పని మసిని పట్టుకుని తనలో తేలేలా ఉంచుకోవడమే. డీజిల్ బళ్లలో అయితే ఆయిల్ మార్చిన కాసేపటికే నల్లబడుతుంది, ఎవరూ కంగారు పడరు.

డీజిల్ డబ్బా:
డీజిల్‌లో సరే. ఇది పెట్రోల్ ఇంజన్. 600 కిలోమీటర్లకే కాటుకైతే ఏదో ఉంది. పిస్టన్ రింగులు అరిగి గ్యాస్ కిందకి దిగుతుండొచ్చు, లేదా చోక్ సగం లాగి ఉండిపోయి పెట్రోల్ ఎక్కువ కాలుతుండొచ్చు.

ఇంకోటి కూడా ఉంది. పాతబండి తమ్ముడూ, అంతకుముందు ఓనరు ఏ ఆయిల్ పోసేవాడో తెలుసా? ఏళ్లపాటు డిటర్జెంట్ లేని ఆయిల్ వాడిన ఇంజనైతే మడ్డంతా ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే పాత్ర) అడుగున, వాల్వ్ కవర్ కింద పేరుకుపోయి ఉంటుంది. అందులో నువ్వు ఒక్కసారిగా 15డబ్ల్యూ-40 పోశావనుకో, అది ఆ మడ్డిని కడగడం మొదలుపెడుతుంది. అప్పుడు నల్లబడింది ఆయిల్ చెడిపోయి కాదు, పాత పాపాలు కడుగుతూ. కానీ ఊడిన ఆ మడ్డి పంపు జాలీకి అడ్డం పడితే పరిస్థితి మారిపోతుంది. నేనైతే రంగు గొడవ పక్కనపెట్టి ముందు ఛాంబర్ దించి చూస్తా.

పాతబండి216:
ఓనరు ఏం పోశాడో తెలియదు. బండి చాలాకాలం నిలబడే ఉందన్నాడు, అంతే. ఫిల్టర్ లేదు, ఆ రోజుల్లో అది విడిగా కొని బిగించుకునే సామానట. ఆయిల్ ప్రెషర్ గేజ్ మాత్రం బాగానే చూపిస్తోంది, రోడ్డు మీద వేడిగా ఉన్నప్పుడు 14 పీఎస్‌ఐ దగ్గర నిలబడుతుంది. మొదట్లో ఇంత తక్కువేంటని టెన్షన్ పడ్డా, ఈ ఇంజన్‌కి అదే మామూలని తర్వాత తెలిసింది.

డేటా ముఖ్యం:
14 మామూలే, ఆ గేజ్ మీద గీతలు ఉండేదే 30 వరకు. "ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకీ పది పీఎస్‌ఐ" అనే లెక్క దీనికి వర్తించదు. కానీ అసలు విషయం చూడు. 216లో కనెక్టింగ్ రాడ్ బేరింగులకి ప్రెషర్‌తో ఆయిల్ వెళ్లదు. రాడ్ అడుగున చిన్న గరిటెలాంటిది ఉంటుంది, అది ప్రతి చుట్టుకీ తొట్టెలో మునిగి ఆయిల్ తోడుకుంటుంది, స్పీడ్ పెరిగితే ఛాంబర్‌లోని నాజిల్ ధార ఆ గరిటెకి తగులుతుంది. గేజ్ చూపించేది మెయిన్ బేరింగుల వైపు లైను సంగతి. రాడ్ బేరింగులకి అందుతోందో లేదో దానికి తెలియదు. అందుకే దీనికి గేజ్ కంటే ఆయిల్ మట్టం, ఆయిల్ నాణ్యత ముఖ్యం. అందుకే ల్యాబ్ అంటున్నా.

ఇందులో బేరింగులు బ్యాబిట్ అనే మెత్తటి మిశ్రమలోహంతో పోత పోసినవి. రిపోర్టులో తగరం, సీసం పెరుగుతుంటే అవి అరుగుతున్నట్టు. ఇనుము పెరిగితే బోరు, రింగులు, క్యామ్. సిలికాన్ అంటే దుమ్ము, ఎయిర్ క్లీనర్ చూసుకోవాలి. సోడియం, పొటాషియం ఉంటే కూలెంట్. వేళ్లతో ఇవి చెప్పమనండి చూద్దాం.

గ్రీజు బాబాయ్:
నువ్వు చెప్పినవన్నీ నిజమే అబ్బాయ్. ఒక్కటి అడుగుతా. ఆ మిషను పెద్ద రేణువుల్ని చూడగలదా?

డేటా ముఖ్యం:
...చూడలేదు. మామూలు స్పెక్ట్రోమీటర్‌కి ఐదు నుంచి పది మైక్రాన్లు దాటిన రేణువులు సరిగా అందవు. అది ఒప్పుకుంటా. బేరింగ్ పెచ్చులుగా ఊడుతుంటే రిపోర్ట్ శుభ్రంగా కనిపించే అవకాశం ఉంది. దానికి దించిన ఆయిల్‌ని పల్చటి బట్టలో వడగట్టి ఎండలో చూడాల్సిందే, ఫిల్టర్ ఉంటే కోసి చూడాల్సిందే. ఇంకా చెప్పాలంటే ఒక్క రిపోర్టుతో తీర్పు రాదు. రెండు మూడు సార్లు తీసి పోల్చుకోవాలి. ల్యాబ్ వాళ్లు పోల్చే సగటు కొత్త బళ్లది, మన బండికి మన బండే సగటు.

ఇంకోటి, పాతబండి బ్రో పెట్రోల్‌లో సీసం మందు ఏదైనా కలుపుతుంటే ముందే చెప్పాలి, లేకపోతే రిపోర్ట్‌లో సీసం చూసి బేరింగులు పోయాయనుకుంటారు.

సగం మెకానిక్:
ఖర్చు లేని పద్ధతి ఒకటి. కాఫీ వడకట్టే తెల్ల కాగితం మీద వేడి ఆయిల్ ఒక్క చుక్క వేసి, దాన్ని కింద ఏమీ తగలకుండా గ్లాసు అంచుల మీద పెట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున్నకి మసి మధ్య నుంచి అంచుదాకా మెల్లగా పలచబడుతూ పరుచుకుంటే ఆయిల్ ఇంకా మసిని మోస్తోందని. మధ్యలో నల్లగా ముద్దకట్టి, చుట్టూ గీత గీసినట్టు ఆగిపోతే మోసే శక్తి అయిపోయింది. నేను పాత చుక్కల కాగితాలన్నీ తేదీ రాసి దాచుకుంటా, మా ఆవిడకి అదో పిచ్చిలా కనిపిస్తుంది.

నీళ్ల కోసమైతే 160 డిగ్రీల దగ్గర వేడెక్కిన ఇనుప పలక మీద చుక్క వెయ్, నీళ్లుంటే చిటపటమంటుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా చేయొద్దు.

పాతబండి216:
రెండూ చేశాను. కాగితం మీద చుక్క బాగానే పరుచుకుంది, మధ్యలో ముద్ద లేదు. పలక మీద రెండు చిన్న బుడగలు వచ్చాయి, చిటపట అనేంత కాదు, తేల్చుకోలేకపోయా. మట్టం డిప్‌స్టిక్ మీద ఫుల్ గీతకి కాస్త పైన ఉంది, నేను ఎక్కువ పోశానేమో. ఆయిల్ పోసే మూత లోపల మాత్రం మీగడలా పసుపుపచ్చ పేస్టు ఉంది. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతోందా?? 😰

డీజిల్ డబ్బా:
మూత కింద మీగడ చూసి గ్యాస్కెట్ అనుకోకు, ఈ ఒక్క మాటకి అనవసరంగా హెడ్డు విప్పినవాళ్లు చాలామంది. మూత ఇంజన్‌లో చల్లటి చోటు, ఆవిరి అక్కడ చేరి గడ్డకడుతుంది. ఆయిలంతా టీ రంగులోకి తిరిగితే అప్పుడు భయపడు.

నాకు అనుమానంగా ఉన్నది మట్టం పైకి రావడం. తక్కువ తిరిగిన బండిలో ఆయిల్ తగ్గకపోవచ్చు, కానీ పెరగడమేంటి? పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ నేరుగా ఛాంబర్‌లోకి దిగుతుంది. వాసన చూడు.

పాతబండి216:
వాసన లేదు. కాగితం మీద కూడా పెట్రోల్ కలిస్తే కనిపించే వెలిసిన అంచు ఏమీ లేదు.

గ్రీజు బాబాయ్:
ఇప్పుడు నా మాట విను. బండి ఎలాగూ మూడు వారాలుగా కదల్లేదు. స్టార్ట్ చేయకు. వేడి చేసి దించాలని అందరూ చెబుతారు, అది మామూలు రోజుల్లో కరెక్టే, ఇవాళ మాత్రం చల్లగానే దించాలి. డ్రైన్ నట్టు మొత్తం విప్పకుండా చుక్కలు పడేంత వదులు చెయ్యి, మొదట వచ్చేది గాజు గ్లాసులో పట్టు. డిప్‌స్టిక్ అడుగుదాకా వెళ్లదు తమ్ముడూ. నీళ్లు ఆయిల్ కంటే బరువు.

పాతబండి216:
బాబాయ్, దండం మీకు.

నట్టు పావు చుట్టు తిప్పా, ఏమీ రాలేదు. ఇంకో పావు తిప్పితే సన్నగా ధార మొదలైంది. నల్లగా వస్తుందని గ్లాసు పట్టుకుని కూర్చుంటే వచ్చింది నీళ్లు. మామూలు నీళ్లు, అడుగున కాస్త తుప్పు పొడి. దాదాపు అర గ్లాసు వచ్చాక ఒక్కసారి రంగు మారి ఆయిల్ మొదలైంది. గ్లాసులో కింద నీళ్లు, పైన నల్ల పొర, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. పైన డిప్‌స్టిక్ చూసి వారం రోజులు వాదించుకున్నాం మనం.

నా కూలెంట్ ఆకుపచ్చ, ఈ నీళ్లకి ఏ రంగూ లేదు. మరి ఎక్కడివి?

సగం మెకానిక్:
వారానికోసారి పది నిమిషాలు 🙂 ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, ఆవిరిగా. చాలావరకు సైలెన్సర్ గుండా పోతాయి, కొంత రింగులు దాటి కింద చేరుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి చాలాసేపు తిరిగితే అదీ ఎగిరిపోతుంది. పది నిమిషాల్లో రేడియేటర్ నీళ్లు వేడెక్కుతాయేమో గానీ ఛాంబర్‌లో ఆయిల్ గోరువెచ్చగా కూడా కాదు.

డీజిల్ డబ్బా:
దానికి తోడు 216లో లోపలి ఆవిరిని లాగేసే పీసీవీ వాల్వు ఉండదు, అది 1960ల్లో మామూలైంది. దీనికి ఇంజన్ పక్కనుంచి కిందకి వేలాడే గొట్టం ఉంటుంది. బండి రోడ్డు మీద పరిగెడితే ఆ గొట్టం కొస దగ్గర గాలి లాగి లోపలి ఆవిరిని బయటికి తీస్తుంది. షెడ్డులో నిలబెట్టి తిప్పితే గొట్టం ఉన్నా లేనట్టే. నువ్వు బండికి మేలు చేస్తున్నాననుకుని ప్రతివారం దానికి చెంచాడు నీళ్లు తాగించావు.

డేటా ముఖ్యం:
రంగు లేదని కూలెంట్ కాదని ఖాయం చేసేయకు. రేడియేటర్‌లో మట్టానికి గుర్తు పెట్టుకుని రెండు వారాలు చూడు, తగ్గకపోతేనే నిశ్చింత. ల్యాబ్ గురించి నా మాట వెనక్కి తీసుకోను గానీ, డిప్‌స్టిక్ గొట్టంలోంచి పైపైన నమూనా తీసి పంపి ఉంటే ఈ అర గ్లాసు నాకూ కనిపించేది కాదు. అది నిజం.

కానీ బాబాయ్, వేలితో రాసినా కనిపించేది కాదు 😀

గ్రీజు బాబాయ్:
నేను కాదన్నానా? పెద్దాయన రెండు వేల కిలోమీటర్లు అన్నారు, ఆ మాట పట్టుకుని తిరిగి ఉంటే ఏమయ్యేదో నాకూ తెలుసు.

కొత్తది పోసేటప్పుడు మోనోగ్రేడ్ 30 (డబ్ల్యూ లేని ఒకే గ్రేడ్ ఆయిల్) పొయ్యి. ఈ ఇంజన్‌కి అదే.

డేటా ముఖ్యం:
మళ్లీ మొదలు. డిటర్జెంట్ ఉన్న ఆయిల్ ఏదైనా పర్లేదు, ముందు మడ్డి తీయనివ్వండి.

పాతబండి216:
ఆయిల్ మొత్తం దించేశా, బట్టలో వడగట్టా. మెరుపులేమీ లేవు, నల్ల రవ్వ మాత్రం గుప్పెడు ఉంది. శనివారం ఛాంబర్ దించుతున్నా, ప్యాకింగ్ ఆర్డర్ పెట్టాను, వచ్చేదాకా బండి కదలదు. ఇకమీదట వారానికి పది నిమిషాలు బంద్, నెలకోసారి గంటసేపు రోడ్డు మీదకే. మోనోగ్రేడ్ గొడవకి వేరే థ్రెడ్ మొదలుపెట్టండి, నేనూ వస్తా.