చివరి మాత్ర దగ్గర పడుతోంది, నాకు భయం ఎందుకు పెరుగుతోంది?

చిన్నోడి అమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా చిన్నోడికి ఆరేళ్ళు దాటాయి. మూడేళ్ళ ఎనిమిది నెలల వయసులో బ్లడ్ క్యాన్సర్ అన్నారు. బీ సెల్ ఏ.ఎల్.ఎల్. అనే రకం. ఇంకో పంతొమ్మిది రోజుల్లో మెయింటెనెన్స్, అంటే జబ్బు తిరగబెట్టకుండా వేసే చివరి విడత మందులు, అయిపోతుంది. రోజూ రాత్రి వేసే మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి శుక్రవారం వేసే మెథోట్రెక్సేట్, రెండూ ఆపేస్తారు. ఇంట్లో అందరూ రోజులు లెక్కపెట్టుకుంటూ సంతోషపడుతున్నారు. నాకు మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

మొదటినుంచి చెప్తాను, కాస్త ఓపికగా చదవండి. ఇల్లంతా పరిగెత్తేవాడు ఉన్నట్టుండి ఎత్తుకోమనడం మొదలుపెట్టాడు. మెట్ల దగ్గరికి రాగానే చేతులు చాచేవాడు. కాళ్ళు నొప్పి అనేవాడు. డాక్టరుకు చూపిస్తే ఎదిగే పిల్లలకు మామూలే అన్నారు. సాయంత్రాలు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉండేది. అలా రెండు వారాలు గడిచిపోయాయి.

ఒకరోజు స్నానం చేయిస్తుంటే మా పెద్దమ్మాయి (అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు) "అమ్మా, తమ్ముడి వీపు మీద ఇంకు మరకలు ఉన్నాయి" అంది. నిజంగా ఇంకే అనుకున్నాను. సబ్బు పెట్టి రుద్దాను. పోలేదని ఇంకా గట్టిగా రుద్దాను. వాడు ఏడ్చాడు. అవి కమిలిన మచ్చలని మర్నాడు రక్తపరీక్ష రిపోర్టు వచ్చాకే నాకు అర్థమైంది. హిమోగ్లోబిన్ 5.8, ప్లేట్‌లెట్లు 14 వేలు. ల్యాబ్ నుంచి రాత్రి ఫోన్ చేసి, పొద్దున దాకా ఆగకండి, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అన్నారు. ఆ రుద్దడం నాకు ఇప్పటికీ చేతుల్లోనే ఉంది.

తర్వాత జరిగింది ఇక్కడున్న చాలామందికి తెలిసిందే. మూలుగ పరీక్ష, వెన్నులో ఇంజెక్షన్లు, మందులు ఎక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టే పోర్ట్. ఇండక్షన్ అనే మొదటి విడత వైద్యంలో నాలుగు వారాలు స్టెరాయిడ్ వేస్తే ముఖం గుండ్రంగా ఉబ్బి మా పిల్లాడిలా లేకుండా పోయాడు. అర్ధరాత్రి రెండింటికి ఆకలి అని లేచేవాడు, మాట్లాడబోతే కసురుకునేవాడు. 29వ రోజు మళ్ళీ మూలుగ తీసి చూస్తే ఎమ్మార్డీ (ఇంకా మిగిలి ఉన్న క్యాన్సర్ కణాల లెక్క) 0.01 శాతం కన్నా తక్కువ వచ్చింది. డాక్టరు గారు ఆ కాగితం మీద ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి నా చేతికిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది. ఆ తర్వాత రక్తకణాల కౌంట్లు పడిపోయి, జ్వరం వచ్చి రెండుసార్లు ఆసుపత్రిలో ఉన్నాం. ఆ నెలల్లో పెద్దది మా అమ్మ దగ్గర పెరిగింది. దాని గురించి రాయాలంటే వేరే పోస్టు కావాలి.

ఇప్పుడు అసలు విషయం. రోజూ వాడు నిద్రపోయాక ఫోన్ లైటు వేసి వీపు, పొట్ట, చేతులు, కాళ్ళు చూస్తాను. ఒక్క రాత్రి కూడా మానలేదు. ఇన్నాళ్ళూ ఏ కాస్త భయం వేసినా "మందు పడుతోంది కదా" అని సర్దిచెప్పుకునేదాన్ని. ఇక ఆ మాట కూడా ఉండదు. మాత్ర ఆగిన రాత్రి నుంచి వాడికి కాపలా ఎవరు? మీ పిల్లలకు మందులు ఆపాక మీరెలా నెగ్గుకొచ్చారు? ఈ లైటు వేసి చూడడం మీరూ చేశారా? ఎప్పుడు మానారు?

పాప నాన్న:

చెల్లెమ్మా, మా అమ్మాయికి మందులు ఆపి నాలుగేళ్ళయింది. నువ్వు రాసింది చదువుతుంటే మా ఇల్లే కనిపించింది. మా ఆవిడ రాత్రిళ్ళు మెడ దగ్గర గడ్డలు తడిమి చూసేది. నేనైతే వాష్‌బేసిన్ దగ్గర నిలబడి, పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలో రక్తం వస్తోందేమో అని చూసేవాణ్ణి. ఒకరు చేసేది ఒకరికి చెప్పుకోలేదు. ఏడాది తర్వాత గానీ బయటపడలేదు.

మాకు జరిగింది చెప్తాను. మందులు ఆపిన మూడో నెలలో జ్వరం వచ్చింది. రక్తం చూస్తే తెల్లకణాలు తక్కువ, ప్లేట్‌లెట్లు కూడా కాస్త తగ్గాయి. నా కాళ్ళలో సత్తువ పోయింది. డాక్టరమ్మ స్మియర్ (గాజుపలక మీద పూసిన రక్తం) తనే మైక్రోస్కోప్ కింద చూసి, బ్లాస్టులు, అంటే క్యాన్సర్ కణాలు, లేవు, వైరస్ జ్వరంలా ఉంది, వారం తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. ఆ వారం ఎలా గడిచిందో రాయలేను. ఎనిమిదో రోజు కౌంట్లు మామూలుకు వచ్చాయి. మామూలు వైరస్ జ్వరాలకు కూడా కౌంట్లు కిందికి దిగుతాయని అంతకుముందు నాకు తెలియదు. నీకు ముందే తెలిసి ఉంటే మంచిదని చెప్తున్నాను.

నాకు ధైర్యం ఇచ్చిన విషయం ఒకటుంది. వార్డులో కూర్చుని పాప మందుల గురించి చదివేవాణ్ణి. విన్‌క్రిస్టిన్ తీసేది బిళ్ళగన్నేరు మొక్క నుంచి. ఆ మందు వల్లే పాప పాదాలు ఈడ్చి నడిచేది, మళ్ళీ సరిగ్గా నడవడానికి నెలలు పట్టింది. ఇక శుక్రవారం మీరు వేసే ఆ పసుపు మాత్ర, మెథోట్రెక్సేట్, మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధన నడిపిన రోజుల్లో ఆయన బృందం చేతుల్లోంచి వచ్చిన మందుల్లో ఒకటి. దానికి ముందు అదే బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో ఆయన రాసిన రిపోర్టులో పదహారు మంది పిల్లల్లో పది మందికి గుణం కనిపించింది. అది కూడా కొద్ది నెలలే నిలిచింది. అప్పటిదాకా ఈ జబ్బుకు ఆ మాత్రం కూడా లేదు. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు. ఈ రోజు వైద్యం బాగా అందే చోట ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదికి తొమ్మిది మంది దాకా బతికి బయటపడుతున్నారు. 1948 నాటి ఆ పది మంది పిల్లల పేర్లు నాకు తెలియవు గానీ, మా అమ్మాయికి మాత్ర వేసిన ప్రతి శుక్రవారం వాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు.

నువ్వు మాత్రను కాపలా అనుకుంటున్నావు. కాపలా కాసే పని చాలావరకు అయిపోయింది కాబట్టే ఆపుతున్నారమ్మా.

వార్డు సిస్టర్:

పిల్లల క్యాన్సర్ వార్డులో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆఖరి డోసు రోజున ఏడ్చే అమ్మలను చాలామందిని చూశాను. అందరూ సంతోషం అనుకుంటారు. మాకు తెలుసు అది సంతోషం ఒక్కటే కాదని. ఇన్నాళ్ళూ వారం వారం మా మొహాలు చూసి, కౌంట్లు విని ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఇక నెలకోసారి రండి అంటే ఎవరో చెయ్యి వదిలేసినట్టే ఉంటుంది.

మీరు దాచకుండా అడిగారు కాబట్టి నేనూ దాచను. జబ్బు తిరగబెట్టే పిల్లలు కొందరు ఉంటారు. మందులు ఆపాక మొదటి రెండేళ్ళే ఎక్కువ జాగ్రత్తగా చూసేది అందుకే. తర్వాత ఏడాదికేడాది ఆ ప్రమాదం తగ్గుతూ పోతుంది. మీ బాబుకు ఇండక్షన్ చివర ఎమ్మార్డీ అంత తక్కువ రావడం చాలా మంచి గుర్తు. డాక్టరు గారు సున్నా చుట్టి ఇచ్చింది ఊరికే కాదు.

మచ్చల సంగతి. ఆడుకునే పిల్లలకు మోకాళ్ళ మీద, ముంగాళ్ళ మీద దెబ్బల మచ్చలు ఉండాలి, లేకపోతేనే ఆడట్లేదని అర్థం. పొట్ట, వీపు, పై చేతుల మీద కారణం లేకుండా కొత్తగా వచ్చేవి, వేలితో నొక్కినా రంగు పోని సన్నటి ఎర్ర చుక్కలు, తగ్గకుండా సాగే జ్వరం, రాత్రి నిద్ర లేపే ఎముకల నొప్పి, పాలిపోవడం, తెల్లవారుజామున తలనొప్పితో వాంతులు, మగపిల్లల్లో వృషణం నొప్పి లేకుండా వాయడం, ఇవి కనిపిస్తే ఫోన్ చేయండి. ఇందులో ఏదీ ఒక్క రాత్రి చూడకపోతే చేజారిపోయేది కాదు. స్నానం చేయించేటప్పుడు చూస్తే చాలు.

ఇంకో మాట, ఇది మర్చిపోతారు. పోర్ట్ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 దాటితే పాత పద్ధతే, వెంటనే ఆసుపత్రి. "మందులు ఆపేశాం కదా" అని ఇంట్లో పారాసిటమాల్ వేసి చూడకండి. రోగనిరోధక శక్తి కుదుటపడడానికి నెలలు పడుతుంది. ఇన్ఫెక్షన్ రాకుండా వారానికి రెండు మూడు రోజులు వేసే కోట్రైమాక్సజోల్ సిరప్ కూడా డాక్టరు చెప్పేదాకా ఆపకండి. టీకాలు ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో మీ యూనిట్ వాళ్ళనే అడగండి. బళ్ళో ఎవరికైనా ఆటలమ్మ వచ్చిందని తెలిస్తే ఆ రోజే చెప్పండి.

అప్పటి పేషెంటు:

అక్కా, నేను ఆ పిల్లల్లో ఒకణ్ణి. నాలుగేళ్ళకు వచ్చింది, ఇప్పుడు ఇరవై మూడు. ఇలాంటి చోట ఎప్పుడూ రాయలేదు, మీ లైటు సంగతి చదివి ఆగలేకపోయాను.

మా అమ్మ కూడా చూసేది. నేను నిద్ర నటించేవాణ్ణి. కళ్ళు తెరిస్తే అమ్మ భయపడిందని నాకు తెలిసిపోయిందని తనకు తెలిసిపోతుందని ఊపిరి కూడా మెల్లగా పీల్చేవాణ్ణి. తను చూసి, దుప్పటి సరిచేసి, ఒక నిమిషం నిలబడి వెళ్ళిపోయేది. ఆ ఒక్క నిమిషంలో నా ఒంట్లో ఏదో ఉందేమో అనిపించేది. అడిగే ధైర్యం ఉండేది కాదు. ఏడెనిమిదేళ్ళ వయసులో నేనే బాత్రూంలో తలుపు వేసుకుని నా కాళ్ళు చూసుకునేవాణ్ణి.

అమ్మ మీద కోపం లేదు, ఒక్క చుక్క కూడా లేదు. కానీ తను పగలే, నాతో చెప్పి చూసి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

అప్పటి విషయాలు నాకు గుర్తున్నవి చాలా తక్కువ. పోర్ట్‌లో సెలైన్ ఎక్కించగానే నోట్లోకి వచ్చే ఒక వింత రుచి, ఎర్ర రంగు కీమో మందు ఎక్కిన రోజు ఎర్రగా వచ్చే మూత్రం, అమ్మ చున్నీ అంచు. నొప్పి గుర్తు లేదు. మీ బాబుకూ గుర్తుండకపోవచ్చు. ఆ ఎర్ర మందు వల్ల కొన్నేళ్ళకోసారి గుండెకు ఎకో (స్కాన్) తీస్తారు, ఇప్పటిదాకా బాగానే ఉంది. బళ్ళో లెక్కలు నాకు మిగతావాళ్ళ కంటే నెమ్మదిగా ఎక్కేవి. వెన్నులో ఇచ్చే మందుల వల్ల కొందరికి అలా ఉంటుందని తర్వాత తెలిసింది. ముందే టీచరుకు తెలిసి ఉంటే అన్ని తిట్లు తినేవాణ్ణి కాదు. మీరు ముందే చెప్పి ఉంచండి అక్కా.

చిన్నోడి అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం. ఆ తమ్ముడు రాసింది చదివి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. వాడు నిద్రపోతున్నాడనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

చివరి మాత్ర మొన్న రాత్రి వేశాం. క్యాలెండర్‌లో ఆ గడిలో టిక్కు మా పెద్దమ్మాయే పెట్టింది. ఈ రెండున్నరేళ్ళలో అది అడిగి తీసుకున్న పని అదొక్కటే. అందుకే చివరిది కూడా దానికే ఇచ్చాను.

నిన్న స్నానం చేయించేటప్పుడు వాడితో చెప్పాను. "నాన్నా, నీ ఒంటి మీద మచ్చలు ఉన్నాయేమో అమ్మ చూస్తుంది, సరేనా?" అన్నాను. వాడు తల కూడా తిప్పకుండా "రాత్రి లైటు వేసి చూస్తావుగా" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఇక రాత్రి చూడను, ఇప్పుడే ఇద్దరం కలిసి చూద్దాం అన్నాను. వాడే ఒక్కొక్కటీ చూపించాడు. ఇది సైకిల్ మీంచి పడింది, ఇది గేటు తగిలింది, ఇది అక్క తోసింది. అక్క తోసింది అన్నదాన్ని పెద్దది తలుపు దగ్గర నిలబడి ఒప్పుకోలేదు. వీపు వైపు తిప్పి చూశాను. ఏమీ లేదు. సబ్బు రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది. మెల్లగా రాశాను.

నిన్న రాత్రి పదకొండింటికి ఫోన్ చేతిలోకి తీసుకుని వాడి గది గుమ్మం దాకా వెళ్ళాను. లైటు వెయ్యలేదు. అక్కడే నిలబడి ఊపిరి విని వచ్చాను. పోర్ట్ తీయడానికి వచ్చే నెల రమ్మన్నారు. సిస్టర్ గారూ, తీసిన చోట కుట్లు మానేదాకా ఎన్నాళ్ళు ఆటలు ఆపాలి? వాడు ఇప్పటినుంచే అడుగుతున్నాడు.