ఆదర్శ రాజ్యాలను ఎలా చదవాలి: ప్రణాళికగానా, ఫిర్యాదుగానా?

ప్రశ్న (కొత్త పాఠకుడు)

థామస్ మోర్ 1516లో లాటిన్‌లో ప్రచురించిన 'యుటోపియా'ను ఈ మధ్యే అనువాదంలో చదివాను. రోజుకు ఆరు గంటల పని, సొంత ఆస్తి లేకపోవడం, ఇళ్ళకు తాళాలు లేకపోవడం వంటివి చదువుతున్నంతసేపు ఇది మంచి సమాజమే కదా అనిపించింది. అయితే అదే దీవిలో బానిసలున్నారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళాలంటే అనుమతి పత్రం కావాలి, అది లేకుండా రెండోసారి పట్టుబడినవాణ్ణి బానిసను చేస్తారు. దీన్ని ఆదర్శమని రచయిత నిజంగానే నమ్మాడా, లేక మనతో వేళాకోళమాడుతున్నాడా? తన కాలపు ప్రభుత్వాన్ని విమర్శించడమే ఉద్దేశమైతే ఆ మాట సూటిగా చెప్పవచ్చు కదా, లేని దీవిని కల్పించడం దేనికి?

జవాబు (పాత పుస్తకాల మనిషి)

మీరు రెండో భాగం గురించే అడిగారు. మొదటి భాగాన్ని గబగబా దాటేశారేమోనని నా అనుమానం, చాలామంది అలాగే చేస్తారు. దీవి వర్ణన అంతా రెండో భాగంలో ఉంది కానీ, ఆ వర్ణన దేనికి జవాబో మొదటి భాగమే చెబుతుంది. అక్కడ సంభాషణ ఇంగ్లండు గురించి. ఉన్ని వ్యాపారం కోసం భూస్వాములు సాగుభూములకు కంచెలు వేసి గొర్రెలను మేపుకోగా, అంతదాకా సాధుజంతువులైన గొర్రెలు ఇప్పుడు మనుషులనే మింగుతున్నాయని రఫేల్ అనే యాత్రికుడు అంటాడు, తర్వాత దీవి సంగతులు చెప్పేదీ ఇతనే. భూమి పోయినవాడు దొంగతనానికి దిగుతాడు, దొంగతనానికి ఉరి. ఒక్కో ఉరికొయ్య మీద ఇరవైమందిని వేలాడదీస్తున్నా దొంగలు ఎందుకు తగ్గడం లేదని ఒక న్యాయవాది అమాయకంగా ఆశ్చర్యపోతాడు. దొంగకూ హంతకుడికీ ఒకే శిక్ష వేస్తే దొంగ తన సాక్షిని ఎందుకు బతకనిస్తాడు అని రఫేల్ అడిగిన ప్రశ్నను చదివాక, ఆస్తే లేని దీవి గాలిలోంచి పుట్టలేదని తెలుస్తుంది.

బంగారం సంగతి చూడండి. యుటోపియాలో బంగారంతో మలమూత్ర పాత్రలూ, బానిసల సంకెళ్ళూ చేస్తారు, ముత్యాలూ రత్నాలూ చిన్నపిల్లల ఆటవస్తువులు. ఇది తెలియని ఒక పరాయి దేశపు రాయబారులు ఒంటినిండా బంగారం దిగేసుకుని వీధిలో ఊరేగుతారు. జనం వాళ్ళ సేవకులను ప్రభువులనుకుని నమస్కరించి, అసలు రాయబారులను బానిసలనుకుని వదిలేస్తారు. ఒక పిల్లవాడు తల్లిని మోచేత్తో పొడిచి, అంత పెద్దవాడై కూడా ముత్యాలు పెట్టుకున్నాడు చూడమ్మా అంటాడు. ఊరుకో, ఆయన రాయబారి వెంట వచ్చిన విదూషకుడై ఉంటాడు అని తల్లి మందలిస్తుంది. ఆ రోజుల్లో యూరప్ ఆస్థానాల ఆడంబరం మీద ఇంతకంటే పదునైన మాట సూటిగా రాసి ఉంటే మోర్ ఏమయ్యేవాడో చెప్పలేం. అందుకే ఆయన యాత్రికుడి ఇంటిపేరుకు గ్రీకులో 'ఊసుపోని కబుర్లవాడు' అన్న అర్థం వచ్చేలా, దీవి పేరుకు 'ఎక్కడా లేని చోటు' అన్న అర్థం వచ్చేలా చూసుకున్నాడు. ఎవరైనా నిలదీస్తే తప్పంతా ఆ కబుర్లవాడిదే.

జవాబు (తిరగేసి చదివేది)

పై జవాబుకు ఒక చేర్పు. కల్పిత సమాజం వాస్తవాన్ని ఎలా తలకిందులు చేస్తుందో తేటగా చూడాలంటే బెంగాలీ రచయిత్రి రొకేయా హుస్సేన్ 1905లో మద్రాసు నుంచి వెలువడే ఒక మహిళా పత్రికకు ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' చదవండి, అరగంటలో అయిపోతుంది. అందులోని దేశంలో జనానా (పరదాలోని స్త్రీలుండే భాగం) స్థానంలో 'మర్దానా' ఉంటుంది, అంటే పురుషులు ఇంట్లో, స్త్రీలు వీధిలో. కథ చెప్పే సుల్తానా పరదా అలవాటువల్ల వీధిలో తడబడుతూ నడుస్తుంటే, దారిన పోయే స్త్రీలు ఈమె అచ్చం మగవాడిలా ఉందని నవ్వుతారు. అంటే మగవాడిలా సిగ్గుపడుతూ, బెదురుతూ ఉందని. ఒక్క విశేషణం అర్థాన్ని మార్చి, స్త్రీ సహజంగానే బిడియస్తురాలన్న వాదాన్ని రొకేయా కూల్చేసింది. బిడియం బందీగా ఉన్నవారికి అంటుకునే గుణమే తప్ప స్త్రీకి పుట్టుకతో వచ్చినది కాదన్నమాట.

జవాబు (కాస్త పేచీకోరు)

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను కానీ, అడిగినవారి అసలు సందేహం అలాగే మిగిలింది. బానిసలూ అనుమతి పత్రాలూ వ్యంగ్యమని సర్దిచెప్పుకోవడం నాకు నచ్చదు. ఆదర్శ రాజ్యాన్ని ఊహించేవాడు తనను బాధించినదాన్నే తిరగేస్తాడు, బాధించనిదాన్ని ఉన్నచోటే వదిలేస్తాడు. మోర్ ఆ పుస్తకం రాసేనాటికి లండన్ నగరంలో న్యాయాధికారి. నిరుపేద ఉరికంబమెక్కడం ఆయన మనసును కలచివేసింది కానీ, అధికారి అనుమతి కోసం నిలబడాల్సి రావడం ఆయన అనుభవంలోనిది కాదు. దాదాపు అదే కాలంలో తోలుపని కులంలో పుట్టిన సంత్ రవిదాస్ తన పదంలో 'బేగంపురా' అనే దుఃఖం లేని ఊరిని పాడాడు. అక్కడ పన్ను బెడద లేదు, రెండో తరగతి, మూడో తరగతి అంటూ లేవు, ఎవరైనా తమకు ఇష్టమైన చోట తిరగవచ్చు, ఎవరూ అడ్డగించరు. ఇష్టమొచ్చినట్టు తిరగడాన్ని ఒక రాజ్య లక్షణంగా ఎంచాలని అడుగడుగునా అడ్డగింపును ఎరిగినవాడికే తోస్తుంది. మోర్ దీవిలో నేరమైనది రవిదాస్ ఊరిలో హక్కు. కాబట్టి ఒక ఆదర్శ రాజ్యంలో ఏమున్నదో చూసినంత శ్రద్ధగా, అక్కడికి కూడా మారకుండా వచ్చినదేమిటో చూడండి.

కొత్త పాఠకుడు

అందరికీ ధన్యవాదాలు. పేచీకోరు గారి మాటతో నా ముడి చాలావరకు విడిపోయింది. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. ఇవన్నీ ఫిర్యాదులే అయితే, వీటిని నిజంగా అమలుచేయవలసిన ప్రణాళికలుగా రాసినవారు, చదివినవారు ఎవరూ లేరా?

జవాబు (పాత పుస్తకాల మనిషి)

లేకేం. ఎడ్వర్డ్ బెల్లమీ 1888లో 'లుకింగ్ బ్యాక్‌వర్డ్' రాస్తే, అందులోని ప్రణాళికను ముందుకు తీసుకుపోవడానికి అమెరికాలో ఏకంగా సంఘాలే వెలిశాయి. ఆ నవలలో 2000 నాటికి పరిశ్రమలన్నీ జాతీయమై, ప్రతి పౌరుడూ 21వ ఏట 'పరిశ్రమ సైన్యం'లో చేరి 45వ ఏట విరమిస్తాడు. విలియం మోరిస్ స్వయంగా సామ్యవాది అయి ఉండి కూడా ఈ సైన్యాన్ని భరించలేకపోయాడు. పనిలో ఆనందం ఉండాలన్నదే ఆయన పట్టుదల, 45వ ఏట పని నుంచి విముక్తి అంటే పని శిక్షేనని ఒప్పుకున్నట్టు కదా. ఆయన దానిని సమీక్షించి ఊరుకోక, 1890లో 'న్యూస్ ఫ్రమ్ నోవేర్' అనే మరో ఆదర్శ సమాజాన్నే ఎదురు నిలబెట్టాడు. ఒక ఊహను ఇంకో ఊహతో ఖండించడమన్నమాట. అయితే ఇద్దరి కోపమూ ఒకే వ్యవస్థ మీద కావడంవల్ల, సమకాలీన రాజకీయాల దగ్గరికి వచ్చేసరికి మోరిస్ వ్యంగ్యం కూడా తక్కువేమీ కాదు. ఆయన భవిష్యత్తు లండన్‌లో పార్లమెంటు భవనాన్ని కూల్చరు, అందులో పేడ ఎరువు నిల్వ చేస్తారు.