జెజు దీవి: దరాంగ్షి గుహకు దారి ఎటు?

దక్షిణ కొరియాలో ఉంటూ జెజు దీవి తిరిగిన మనవాళ్లు చెప్పగలరేమో. దరాంగ్షి ఒరుమ్ (పాత అగ్నిపర్వతపు గుట్ట, 382 మీటర్లు) దగ్గర ఒక గుహ ఉంది. జెజు తిరుగుబాటు అణచివేతలో, 1948 డిసెంబర్‌లో, అందులో దాక్కున్న ఊరివాళ్లను బయట మంట పెట్టి పొగతో చంపారు. 1992లో 11 మంది అస్థికలు బయటపడ్డాయి, ఒకటి తొమ్మిదేళ్ల పసివాడిది. చితాభస్మం సముద్రంలో కలిపి, గుహ నోరు మూసేశారు.

పోయిన శనివారం ఉదయం 9కి గుట్ట పార్కింగ్ దగ్గర బయల్దేరాను. ఫోన్ మ్యాప్‌లో కొరియన్‌లో గుహ పేరు కొడితే ప్రతిసారీ శిఖరానికే దారి చూపించింది. పైనుంచి చూస్తే అంతా పచ్చగా, ఏమీ జరగనట్టే ఉంది. దిగాక, అప్పట్లో తగలబెట్టిన ఊరి జాగాలో గుర్తుగా పెట్టిన రాయి, వెదురు పొదలు దొరికాయి. అక్కణ్ణుంచి మట్టిదారి మూడుగా చీలింది. రెండు చివరిదాకా నడిచాను, మూడోది గడ్డిలో కలిసిపోయింది. దారిలో ఇద్దరిని అడిగాను కానీ నా కొరియన్ వాళ్లకు అర్థమైతేగా!

నెలాఖరులో మళ్లీ వెళ్తున్నా. పాత ఊరి రాయి దగ్గర నుంచి మూసేసిన గుహ దాకా ఎటువైపు, ఎంతసేపు నడవాలి?